ముఖలింగం సోమేశ్వరుడి గుడి: సెంట్రింగ్ లేకుండా ఆ వంపు ఎలా తిప్పారు?

తాపీ మేస్త్రి, నరసన్నపేట:
ఇరవయ్యేళ్ళుగా తాపీ పని చేస్తున్నాను. మొన్న కార్తీక సోమవారం ఇంట్లోవాళ్ళతో మా శ్రీకాకుళం జిల్లాలోనే ఉన్న శ్రీముఖలింగం వెళ్ళాం. వాళ్ళు పెద్దగుడిలో మధుకేశ్వరుడి లైన్లో ఉంటే నేను మెల్లగా జారుకుని సోమేశ్వరుడి గుడి చుట్టూ మూడుసార్లు తిరిగాను. పుణ్యానికి కాదులెండి, పనితనం చూద్దామని. ముందు మండపం లేదు, ఒంటి శిఖరం. కింద నిటారుగా లేచి పైకెళ్ళేకొద్దీ లోపలికి ఒంగింది. మేం గుమ్మం మీద చిన్న ఆర్చి తిప్పాలన్నా కింద సర్వీ బాదులు, పలకలతో సెంట్రింగ్ కట్టాలి. అంతెత్తున వీళ్ళెలా తిప్పారు? ఇంకోటి. గోడ మీద తీగ ఒక రాయి మీద మొదలై, అతుకు దాటి పక్క రాయి మీదకి పాకింది. గీత ఎక్కడా తప్పలేదు. చెక్కి పేర్చారా, పేర్చి చెక్కారా?

రిటైర్డు సోషల్ మాస్టారు:
మేస్త్రీ గారూ, అది ఆర్చి కాదు, అందుకే సెంట్రింగ్ అక్కర్లేదు. ఒక్కో వరస కాస్త లోపలికి జరిపి పేర్చుకుంటూ పోతారు. రాయి తోక మీద, అంటే గోడలో ఉండే వెనక కొస మీద, పై వరస బరువు కూర్చుంటుంది కనక ముందుకి ఒరగదు. నాలుగు గోడలూ దగ్గరయ్యాక పలకరాళ్ళతో మూస్తారు. పైన గాడులున్న గుండ్రటి రాయి చూశారుగా, ఆమలకం, అంటే మన ఉసిరికాయే. అది సోకు కోసమే కాదు, వరసలన్నిటినీ నొక్కిపట్టే బరువు. ఇక చెక్కడమంటారా, కళింగ గుళ్ళలో ఎక్కువగా పేర్చాకే.

ముఖలింగం గుళ్ళని "భువనేశ్వరం గుళ్ళకి నకలు" అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తూర్పు గంగుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమేనని చరిత్రకారుల మాట. ఆ వంశంలో 1078లో పట్టాభిషిక్తుడైన అనంతవర్మ చోడగంగుడే తర్వాత పూరీ జగన్నాథుడి గుడి మొదలుపెట్టాడు. మధుకేశ్వరుడి గుడి దానికంటే పాతది. గోడల మీద తెలుగు శాసనాలూ ఉన్నాయి.

ఊరి ఆడపడుచు:
అయ్యో అన్నయ్యా, లైన్లోంచి జారుకుని గోలెం చూడకుండా పోయారా! మధూకమంటే ఇప్పచెట్టు, ఆ మొదలే లింగమైందంటారు. ఆ లింగం వెనకే ఉంటుంది కుమ్మరి మొక్కుకున్న మట్టి గోలెం. గుమ్మంలో పట్టనంత పెద్దది. లోపలికెలా వెళ్ళిందో ఆ స్వామికే తెలియాలని మా అమ్మమ్మ అనేది.

తాపీ మేస్త్రి, నరసన్నపేట:
మాస్టారూ, తోక మీద బరువన్నారు చూడండి, అక్కడ వెలిగింది. సన్‌షేడుకి మేం చేసేదీ అదేగా. చెల్లెమ్మా, గోలెం ముందు పెట్టుకుని గోడలు తర్వాత లేపుంటారు. మీ అమ్మమ్మగారికి మాత్రం చెప్పకండి.