చేయని తప్పు ఒప్పుకోమంటున్నారు: అమెరికాలో ప్లీ డీల్ న్యాయమేనా?

ఖమ్మం బాబాయి:
మా అన్నయ్య కొడుకు డాలస్ దగ్గర ఎం.ఎస్. చదువుతున్నాడు. పోయిన నెల ఒక స్టోర్‌లో సెల్ఫ్ చెకౌట్ దగ్గర కొన్ని వస్తువులు స్కాన్ చేయకుండా బయటికి వచ్చాడని పోలీసులు పట్టుకున్నారు. వాటి విలువ 130 డాలర్లు. ఫోన్ మాట్లాడుతూ చూసుకోలేదని వాడంటాడు. వాణ్ణి ఎత్తుకుని పెంచినవాణ్ణి, నేను నమ్ముతున్నాను.

ఇప్పుడు లాయరు ఏమంటున్నాడంటే, నేరం ఒప్పుకుంటే జైలు ఉండదట. ఆరు నెలలు ప్రొబేషన్ (జైలు బదులు కోర్టు నిఘా), ఆ తర్వాత కేసు కొట్టేస్తారట. దీన్నే ప్లీ డీల్ అంటారట. ఒప్పుకోకపోతే ట్రయల్‌కి వెళ్ళాలి. "ఇక్కడ అందరూ ఇలాగే చేస్తారు" అన్నాడు. వదినకి నిద్ర లేదు, అన్నయ్యకి బీపీ పెరిగింది. చేయని దొంగతనం చేశానని జడ్జి ముందు చెప్పమనడం ఏం న్యాయం? అలాంటప్పుడు కోర్టు ఎందుకు?

ఓరుగల్లు వకీలు:
బాబాయి గారూ, మీ బాధ అర్థమైంది. నేను 30 ఏళ్ళు క్రిమినల్ కోర్టుల్లో వాదించాను. మీ లాయరు చెప్పింది నిజమే. 2012లో ఒక తీర్పులో అమెరికా సుప్రీంకోర్టే రాసింది, ఫెడరల్ (కేంద్ర) కోర్టుల్లో పడే శిక్షల్లో 97 శాతం, రాష్ట్రాల కోర్టుల్లో 94 శాతం నిందితులు ఒప్పుకోవడం వల్ల వచ్చినవేనని. సినిమాల్లో కనిపించే, మామూలు పౌరులు కూర్చుని తీర్పు చెప్పే జ్యూరీ అక్కడ చాలా అరుదు.

అయినా దీన్ని అన్యాయం అని ఒక్క మాటలో తోసెయ్యలేను. మన జైళ్ళలో ఉన్నవాళ్ళలో నాలుగింట మూడు వంతుల మంది విచారణ ఖైదీలే. తీర్పు రాకుండానే ఏళ్ళు గడిచిపోతాయి. మన దగ్గర కూడా 2006లో ఇలా నేరం ఒప్పుకుని శిక్ష తగ్గించుకునే ప్లీ బార్గెయినింగ్ తెచ్చారు, ఏడేళ్ళ లోపు శిక్ష పడే కేసులకి. దాదాపు ఎవరూ వాడుకోరు. ఎందుకంటే ఇక్కడ కేసు సాగుతూ పోవడమే నిందితుడికి లాభం. అక్కడ కేసు తొందరగా తేలుతుంది. దాని విలువ నాకు తెలుసు.

అట్లాంటా రైతుబిడ్డ:
వకీలు గారూ, తొందరగా తేలడం వేరు, భయపెట్టి తేల్చడం వేరు. కెంటకీలో పాల్ హేస్ అనే అతను 88 డాలర్ల 30 సెంట్ల దొంగ చెక్కు కేసులో దొరికాడు. ఒప్పుకుంటే అయిదేళ్ళు అడుగుతానని, ఒప్పుకోకపోతే పాత నేరస్థుల చట్టం కింద కేసు పెడతానని ప్రాసిక్యూటర్ (ప్రభుత్వ లాయరు) ముందే చెప్పాడు. హేస్ ట్రయల్ కోరాడు. యావజ్జీవం పడింది. 1978లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ ప్రాసిక్యూటర్ చేసింది చెల్లుతుందని చెప్పింది.

88 డాలర్లకి యావజ్జీవం! జ్యూరీ విచారణ హక్కు రాజ్యాంగం ఆరో సవరణలో ఉంది. ఆ హక్కు అడిగినందుకే శిక్ష పెరిగితే దాన్ని హక్కు అని ఎలా అంటాం? ఆ దేశంలో తర్వాత నిర్దోషులని తేలినవాళ్ళలో మొదట నేరం ఒప్పుకున్నవాళ్ళు వందల మంది ఉన్నారు. ఏ నేరమూ చేయనివాడు ఎందుకు ఒప్పుకుంటాడు? ఓడితే పడే శిక్ష చూసి వణికిపోయి.

కౌంటర్ దగ్గర మనిషి:
నేను చిన్న స్టోర్ నడుపుతాను, జార్జియాలోనే. పట్టుబడినవాళ్ళందరూ "మర్చిపోయాను" అనే అంటారు. బాబాయి గారి అబ్బాయి గురించి కాదు, నా అనుభవం చెబుతున్నాను. ఒక కేసులో సాక్ష్యానికి రెండుసార్లు షాపు మూసుకుని కోర్టుకి వెళ్ళాను, రెండుసార్లూ వాయిదా. చివరికి అతను ఒప్పుకున్నాడు, నాకు ప్రాణం లేచి వచ్చింది. ప్రతి కేసూ ట్రయల్‌కి వెళ్తే సాక్షులం మేమేమైపోవాలి?

ప్లేనో పద్మ:
బాబాయి గారూ, దయచేసి ఏ సంతకమూ పెట్టనివ్వకండి. ముందు ఇది చదవండి.

టెక్సాస్‌లో 100 నుంచి 750 డాలర్ల లోపు దొంగతనం 'క్లాస్ బీ' అనే తరగతి చిన్న నేరం. గరిష్ఠంగా 180 రోజులు జైలు, 2,000 డాలర్ల జరిమానా. మీ లాయరు చెబుతున్నది 'డిఫర్డ్ అడ్జుడికేషన్' అయి ఉంటుంది, అంటే నేరం ఒప్పుకున్నా తీర్పు వాయిదా వేసి, ప్రొబేషన్ పూర్తయితే కేసు కొట్టేయడం. అమెరికా పౌరుడికి అది మంచి డీలే, టెక్సాస్ చట్టం లెక్కలో శిక్ష పడనట్టే. కానీ ఇమిగ్రేషన్ చట్టం లెక్క వేరు. నేరం ఒప్పుకుని, దాని మీద ప్రొబేషన్ లాంటి ఆంక్ష పడితే చాలు, కేసు తర్వాత కొట్టేసినా అది 'కన్విక్షన్' (నేరం రుజువై శిక్ష పడటం) కిందే లెక్క. "నో కాంటెస్ట్" (ఒప్పుకోను, వాదించను) అన్నా అంతే. పైగా దొంగతనాన్ని ఇమిగ్రేషన్ వాళ్ళు వీసాకి అడ్డుపడే, నైతిక పతనం ఉన్న నేరంగా చూస్తారు. ఒక్క చిన్న కేసుకి మినహాయింపు ఉంది, కాబట్టి వెంటనే బెంబేలు పడకండి. కానీ వీసా స్టాంపింగ్‌కి వెళ్ళిన ప్రతిసారీ ఆ కాగితం బయటికి వస్తుంది.

'ప్రీట్రయల్ డైవర్షన్' అని ఇంకొకటి ఉంటుంది. అందులో కోర్టులో నేరం ఒప్పుకోనక్కర్లేకుండా ఒప్పందం చేసుకోవచ్చు. క్లాసులకి వెళ్ళి, సేవ చేసి పూర్తి చేస్తే కేసు పోతుంది. ఒప్పుకోలు లేకపోతే కన్విక్షన్ కూడా లేదు. కానీ అప్లికేషన్‌లో చేశానని రాసి సంతకం పెట్టమంటే, ఇమిగ్రేషన్ లాయరుకి చూపించకుండా పెట్టకూడదు. డైవర్షన్ ఇవ్వాలా వద్దా అన్నది ప్రాసిక్యూటర్ చేతుల్లో ఉంటుంది, కాబట్టి గట్టిగా అడగాలి.

ఇలాంటి సంగతులు క్రిమినల్ లాయరు చెప్పి తీరాలి. 2010లో పడియా అనే ఆయన కేసులో సుప్రీంకోర్టు తేల్చింది అదే. ఆయన 40 ఏళ్ళు అమెరికాలో ఉన్న మనిషి, వియత్నాం యుద్ధంలో పనిచేశాడు. "ఇన్నేళ్ళుగా ఉన్నావు, భయం లేదు" అన్న లాయరు మాట నమ్మి నేరం ఒప్పుకుంటే, దేశం నుంచి పంపేసే పరిస్థితి వచ్చింది. 'అందరూ చేస్తారు' అన్న మాట నాకు నచ్చనిది అందుకే. ఆ అందరిలో వీసా మీద ఉన్నవాళ్ళు ఎంతమంది?

ఓరుగల్లు వకీలు:
పద్మ గారు చెప్పిన తేడా నాకు తెలియదు. నా అభిప్రాయం కొంత మార్చుకుంటున్నాను. ఒక మాట కలుపుతాను. దొంగతనానికి ఉద్దేశం రుజువు కావాలి, అదీ సహేతుకమైన సందేహానికి తావు లేకుండా. స్టోర్ కెమెరా వీడియో తెప్పించుకోండి. అబ్బాయి చెవి దగ్గర ఫోన్ కనిపిస్తే, మిగతా వస్తువులకి డబ్బు కట్టినట్టు ఉంటే, బేరంలో మీ చేయి పైన ఉంటుంది.

అట్లాంటా రైతుబిడ్డ:
టెక్సాస్‌లో ఇలాంటి చిన్న కేసుకి జ్యూరీలో ఆరుగురే ఉంటారు. ఆరుగురూ ఒక్క మాట మీద ఉంటేనే శిక్ష. ట్రయల్ అనగానే హడలిపోకండి బాబాయి గారూ. తప్పు చేయనివాడు చేయలేదని చెప్పడానికి భయపడే రోజు రాకూడదనే నా బాధంతా.

ఖమ్మం బాబాయి:
పద్మమ్మా, నీ మాటలు ప్రింట్ తీసి అన్నయ్యకి చదివి వినిపించాను. అబ్బాయికి ఫోన్ చేసి అడిగితే కాగితం మీద డిఫర్డ్ అనే ఉందట, నువ్వు చెప్పినట్టే. ఇంకా సంతకం పెట్టలేదు. ఇమిగ్రేషన్ లాయరుతో గురువారం మాట్లాడుతున్నాడు. వీడియో కావాలని, డైవర్షన్ అడగాలని మొదటి లాయరుకి ఈ రాత్రే మెయిల్ పెడుతున్నాడు.