పాత ఎక్స్‌పీ కంప్యూటరులోని డీటీపీ పనిని కొత్త యంత్రానికి మార్చడం ఎలా?

గిరింపేట డీటీపీ (చిత్తూరు):

అందరికీ నమస్కారం. చిత్తూరు గిరింపేటలో పదిహేడేళ్ళుగా చిన్న డీటీపీ దుకాణం నడుపుతున్నాను. పెండ్లి పత్రికలు, కర్మక్రియల కార్డులు, బడులకు ప్రశ్నపత్రాలు, కాణిపాకం బ్రహ్మోత్సవాల రోజుల్లో కరపత్రాలు నా ప్రధానమైన పని. సరిహద్దు ప్రాంతం కాబట్టి కొన్ని పత్రికలను ఒకవైపు తెలుగులో, రెండోవైపు తమిళంలో వేయవలసి ఉంటుంది. ఈ పనంతా నేటికీ విండోస్ ఎక్స్‌పీ ఉన్న ఒకే ఒక్క కంప్యూటరు మీద, పేజీలు కూర్చే సాఫ్ట్‌వేరైన పేజ్‌మేకర్ 7లో, ‘అను’ అనే పేరుగల తెలుగు ఫాంట్లతో జరుగుతోంది. నా దగ్గరున్న తెలుగు టైపింగు సాఫ్ట్‌వేరుకు యూఎస్‌బీ లాక్ ఉంది. అది గుచ్చితే తప్ప కీబోర్డు నుండి తెలుగు అక్షరం రాదు.

గత నెలలో ఆ కంప్యూటరు రెండుసార్లు ఆన్ కాలేదు. మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బాయని మెకానిక్ రెండింటిని మార్చి ఇచ్చాడు గాని, ఇక దీన్ని నమ్ముకోవద్దని కూడా చెప్పి వెళ్ళాడు. తిరుపతిలో ఇంజినీరింగ్ చదువుతున్న మా అబ్బాయి తన కొత్త ల్యాప్‌టాపును తీసుకువచ్చి (విండోస్ 11, స్నాప్‌డ్రాగన్ ప్రాసెసరు, 16 జీబీ ర్యామ్) అందులో పేజ్‌మేకర్ వేసి చూశాడు. ఆశ్చర్యంగా అది తెరుచుకుంది, పాత పత్రికలు కూడా కనిపించాయి. అయితే లాక్‌కు సంబంధించిన డ్రైవరు (ఆ పరికరంతో కంప్యూటరు మాట్లాడేందుకు కావలసిన ప్రోగ్రాము) మాత్రం ఎన్నిసార్లు ప్రయత్నించినా ఎక్కలేదు. 2 గిగాహెర్ట్జ్‌కే మూలిగే నా పాత యంత్రం మీద నడిచేది, అంత వేగమైన దాని మీద ఎందుకు నడవదో నాకు అర్థం కావడం లేదు.

విండోస్‌కు బదులు లినక్స్ వేసుకుని, విండోస్ ప్రోగ్రాములను దాని మీద నడిపే వైన్‌ను వాడమని ఒకరు, వర్చువల్ మెషిన్ పెట్టుకోమని మరొకరు సలహా ఇచ్చారు. విండోస్ ప్రోగ్రాములు ఇప్పుడు ఫోనులోనే నడుస్తున్నాయని మా అబ్బాయి స్నేహితుడు అంటున్నాడు. ముప్పై వేల రూపాయల వరకు ఖర్చు పెట్టగలను. ఏ దారి పట్టాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

కొర్లగుంట లినక్స్ (తిరుపతి):

గిరింపేట గారూ, మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. పేజ్‌మేకర్ తెరుచుకుంది, డ్రైవరు ఎక్కలేదు అన్నారు కదా, ఆ రెండింటి మధ్యనున్న తేడాయే అసలు విషయం. ప్రాసెసరు వేగంతో దీనికి సంబంధం లేదు.

మీ పాత యంత్రంలోని ప్రాసెసరు ఎక్స్86 జాతికి చెందినది, స్నాప్‌డ్రాగన్ ఆర్మ్ జాతికి చెందినది. ఒకదాని యంత్రభాష మరొకదానికి తెలియదు. అందుచేత ఆర్మ్ ల్యాప్‌టాపులోని విండోస్ 11, ఎక్స్86 ప్రోగ్రాము ఇచ్చే ఆదేశాలను నడుస్తుండగానే ఆర్మ్ భాషలోకి మార్చి ప్రాసెసరుకు అందిస్తుంది. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షను నుండి ఈ అనువాదకానికి ప్రిజమ్ అని పేరు పెట్టారు. పేజ్‌మేకర్ దాని పుణ్యాన నడిచింది. అయితే ఈ అనువాదం మామూలు ప్రోగ్రాములకే వర్తిస్తుంది. డ్రైవరు అనేది కెర్నెల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ పునాదిలో కూర్చుని పని చేస్తుంది కాబట్టి, అది ఆర్మ్ కోసమే తయారైనది అయి ఉండాలి. ఎక్స్‌పీ కాలంనాటి లాక్‌కు అటువంటి డ్రైవరును ఇప్పుడు ఎవరు రాస్తారు?

ఇంటెల్ ప్రాసెసరు ఉన్న కొత్త యంత్రాన్ని కొన్నా ఈ చిక్కు పూర్తిగా తీరదు. విండోస్ 11లో 64 బిట్ రూపం తప్ప వేరొకటి లేదు (బిట్ల సంఖ్య అంటే ప్రాసెసరు ఒక్క విడతలో పట్టుకునే సమాచారపు కొలత). 64 బిట్ విండోస్ మీద 32 బిట్ ప్రోగ్రాములు నడుస్తాయి గాని 32 బిట్ డ్రైవర్లు ఎక్కవు, 16 బిట్ ప్రోగ్రాములైతే అసలే నడవవు. ఆ కాలంలో కొన్ని సాఫ్ట్‌వేర్లు తాము 32 బిట్‌వే అయినా వాటిని ఎక్కించే సెటప్ ఫైలు 16 బిట్‌ది కావడం వల్ల, సీడీ పెట్టగానే గడప దగ్గరే ఆగిపోతాయి.

వైన్ గురించి అడిగారు. 1993లో మొదలైన ఆ పథకం పదిహేనేళ్ళ తరువాత, 2008లో, 1.0 వెర్షనుకు చేరింది. అంత కాలం పట్టిందంటేనే అది ఎంత చిక్కు పనో ఊహించవచ్చు. ప్రోగ్రాము విండోస్‌ను అడిగే ప్రతి పనినీ (ఫైలు తెరువు, కిటికీ గీయి, అక్షరం చూపు వంటివి) అది లినక్స్‌కు అర్థమయ్యే రూపంలో చెప్పి చేయిస్తుంది. లోపల విండోస్ అనేది ఉండదు. అందువల్ల హార్డ్‌వేరును నేరుగా తాకే విండోస్ డ్రైవర్లకు అక్కడ చోటు దొరకదు, మీ లాక్ మళ్ళీ వీధిలోనే నిలబడుతుంది. నేను ఇరవై ఏళ్ళుగా లినక్స్ వాడుతున్నవాణ్ణి, పదిమందిచేత వాడించినవాణ్ణి. అయినా మీకు మాత్రం వైన్ వద్దనే చెబుతాను.

మీకు పనికివచ్చేది వర్చువల్ మెషిన్. ఇంట్లో ఒక పోర్షను అద్దెకిచ్చినట్లు, కొత్త కంప్యూటరులో కొంత ర్యామును, కొంత డిస్కును వేరు చేసి, అందులో నిజమైన ఎక్స్‌పీనే కాపురం పెట్టించడం అన్నమాట. అందులోని ప్రోగ్రాము, డ్రైవరు, టైపింగు సాఫ్ట్‌వేరు అన్నీ తమ పాత ఇంట్లోనే ఉన్నామనుకుంటాయి. దీనికి ఇంటెల్ లేదా ఏఎండీ ప్రాసెసరు ఉన్న యంత్రమే కావాలి. ఆర్మ్ ల్యాప్‌టాపులో ఎక్స్‌పీని నిలబెట్టాలంటే క్యూఈఎంయూ వంటి ఎమ్యులేటరుతో మొత్తం ప్రాసెసరునే నటింపజేయాలి. అది సాధ్యమే గాని, నడక చూస్తే పత్రిక ప్రూఫు వచ్చేలోగా ముహూర్తం దాటిపోతుంది. మీ అబ్బాయి ల్యాప్‌టాపును చదువుకే వదిలివేయండి.

తిలక్ రోడ్డు గ్రాఫిక్స్ (తిరుపతి):

పై సమాధానంలో చెప్పినదాన్ని నేను రెండేళ్ళ క్రితం నా దుకాణంలో చేశాను. నాదీ పేజ్‌మేకరే, లాక్ కూడా ఉన్నదే. ఇప్పటికీ రోజూ వాడుతున్నాను కాబట్టి, చేసేటప్పుడు ఎక్కడెక్కడ తట్టుకుని పడ్డానో చెబుతాను.

అన్నిటికంటే ముందు, కంప్యూటరు ఆన్ అవుతున్న ఈ రోజే మీ పత్రికల ఫైళ్ళను, ఫాంట్ల ఫోల్డరును, సెటప్ సీడీలను బయటి హార్డ్‌డిస్కుకు కాపీ చేయండి. మిగిలిన కథంతా దాని తరువాతనే.

కొత్తది కొనవద్దు. ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసరు ఉన్న సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాపును 8 జీబీ ర్యాముతో, ఎస్ఎస్‌డీతో తీసుకోండి. ఎనిమిదో తరం అని ఎందుకు అంటున్నానంటే, విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిపోయింది, విండోస్ 11 అధికారికంగా అంతకంటే పాత ఇంటెల్ ప్రాసెసర్లను చాలావరకు ఒప్పుకోదు. యంత్రం రాగానే బయోస్‌లోకి (కంప్యూటరు మొదలయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగుల తెర) వెళ్ళి వర్చువలైజేషన్ అనే మీటను ఆన్ చేయండి. వర్చువల్ మెషిన్‌ను నడిపే వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేరు 6.1 వెర్షను నుండి అది లేకుండా నడవదు.

వర్చువల్‌బాక్స్‌లో ఎక్స్‌పీకి 1 జీబీ ర్యాము, 20 జీబీ డిస్కు ధారాళంగా సరిపోతాయి. డిస్కు కంట్రోలరును పాత పద్ధతి అయిన ఐడీఈగానే ఉంచండి. వేగం వస్తుందని నేను కొత్త పద్ధతి అయిన సాటాకు మార్చాను. ఎక్స్‌పీకి ఆ డ్రైవరు స్వతహాగా లేకపోవడం వల్ల నీలి తెర చూపి మొరాయించింది, ఒక పూట వృథా అయింది. యూఎస్‌బీని 2.0గా ఎంచుకోండి. 3.0కు ఎక్స్‌పీలో డ్రైవరు లేదు. ఆ తరువాత యూఎస్‌బీ ఫిల్టరులో మీ లాక్‌ను చేరిస్తే, ఎక్స్‌పీ మొదలైన ప్రతిసారీ అది తనంతట తానే లోపలికి వెళుతుంది. లోపల ఉన్నంతసేపు బయటి విండోస్‌కు అది కనబడదు. పోయిందేమోనని కంగారు పడవద్దు.

ప్రింటరు దగ్గర అందరూ ఇబ్బంది పడతారు, ఎందుకంటే కొత్త ప్రింటర్లకు ఎక్స్‌పీ డ్రైవర్లు దొరకవు. నేను ప్రింటరును ఎక్స్‌పీకి చూపించడమే మానుకున్నాను. లోపల పోస్ట్‌స్క్రిప్ట్ (పేజీ రూపాన్ని వర్ణించే భాష) ప్రింటరు ఒకటి పెట్టి, పేజీని ఫైలుగా ప్రింట్ చేసి షేర్డ్ ఫోల్డరులో పడేస్తాను. బయట ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రాము దాన్ని పీడీఎఫ్‌గా మారుస్తుంది. ఫాంట్లు అందులోనే కలిసిపోయి వస్తాయి కాబట్టి అక్షరం చెదరదు. స్క్రీన్ ప్రింటింగుకు బటర్ పేపరు మీద తీసినా, ఆఫ్‌సెట్ ప్రెస్సుకు పెన్‌డ్రైవులో పంపినా ఇదే పీడీఎఫ్ పనికివస్తుంది. మెయిల్‌లో పంపడం కూడా తేలికైంది.

వర్చువల్‌బాక్స్ కిటికీ అడుగున తాబేలు బొమ్మ కనిపిస్తే, విండోస్‌కు సొంత వర్చువల్ మెషిన్ ఏర్పాటైన హైపర్-వి గాని, భద్రతా ఏర్పాటైన మెమరీ ఇంటెగ్రిటీ గాని అడ్డుపడుతున్నదని అర్థం. పని నడుస్తుంది, నిజంగానే తాబేలులా నడుస్తుంది. ఇంకొక మాట. ఎక్స్‌పీకి భద్రతా మద్దతు 2014 ఏప్రిల్ 8తోనే ఆగిపోయింది. అందుచేత వర్చువల్ మెషిన్‌కు నెట్‌వర్క్ కార్డునే తీసివేయండి. వినియోగదారులు తెచ్చే పెన్‌డ్రైవులను బయటి విండోస్‌లో మాత్రమే తెరవండి. యాక్టివేషన్ (ఇది అసలు కాపీయేనని ఎక్స్‌పీ నిర్ధారించుకోవడం) సంగతి కూడా ఉంది. మీ సీడీతో వచ్చిన అసలు కీని సిద్ధంగా ఉంచుకోండి, హార్డ్‌వేరు మారింది కాబట్టి అది మళ్ళీ అడుగుతుంది. కంప్యూటరుతోపాటు అమ్మిన లైసెన్సు అయితే అది ఆ యంత్రానికే పరిమితమని కూడా గుర్తుంచుకోండి.

గిరింపేట డీటీపీ:

ఇద్దరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రే ఫైళ్ళన్నీ కాపీ చేశాను. ఫోను సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. దుకాణం మూసిన తరువాత ఎవరైనా పేరులో ఒక అక్షరం దిద్దమని అడిగితే, ఇంటి దగ్గర నుండే చేయగలిగితే బాగుంటుందని ఆశ.

ఎయిర్ బైపాస్ (తిరుపతి):

ఫోను గురించి నేను చెబుతాను, ఎందుకంటే ఈ పిచ్చి నాకు ఉంది. ఆండ్రాయిడ్‌లో విన్‌లేటర్ అనే యాప్ ఉంది. అందులో వైన్ విండోస్ పిలుపులను మారుస్తుంటే, బాక్స్64 ఎక్స్86 ఆదేశాలను ఆర్మ్‌లోకి మారుస్తుంది. రెండు అనువాదాలు ఒకదాని మీద ఒకటి నిలబడి కూడా పాత ఆటలను ఆడించడం చూస్తే ముచ్చట వేస్తుంది. అయితే పైన కొర్లగుంట గారు వైన్‌కు చెప్పిన అభ్యంతరమే ఇక్కడా వర్తిస్తుంది. లాక్ డ్రైవరుకు ఇక్కడా దారి లేదు. పైగా ఆండ్రాయిడ్ 12 నుండి, యాప్‌లు వెనుక పుట్టించే ఉపప్రక్రియలు మొత్తం మీద 32 దాటితే సిస్టమ్ వాటిని నిర్దాక్షిణ్యంగా ఆపివేస్తుంది. పత్రిక మధ్యలో ఉండగా తెర మాయమైతే మీరు ఎవరిని అడుగుతారు? ఐప్యాడ్ మీద యూటీఎం ఎస్ఈ అనే ఎమ్యులేటరు యాప్ 2024 జులైలో యాప్ స్టోరులోకి వచ్చింది గాని, అప్పటికప్పుడు యంత్రభాషను తయారుచేసుకునే పద్ధతిని యాపిల్ అనుమతించదు కాబట్టి అది ఆదేశాలను ఒక్కొక్కటిగా చదువుతూ చాలా నెమ్మదిగా నడుస్తుంది.

మీ అవసరానికి ఇంత శ్రమ అక్కరలేదు. పని దుకాణంలోని యంత్రమే చేయాలి, ఫోను కేవలం దాని తెరను చూపాలి. బయటి విండోస్ మీద ఒక రిమోట్ డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేరు పెట్టుకుంటే, వర్చువల్ మెషిన్‌కు నెట్ ఇవ్వకుండానే దాని కిటికీ ఫోనులో కనిపిస్తుంది. అక్షరం దిద్దడానికి అది చాలు, పత్రిక కూర్చడానికి మాత్రం కళ్ళు ఒప్పుకోవు.

మీరు అడగనిది ఒకటి చెబుతాను. మీ పాత ఫైళ్ళలో ఉన్నది నిజానికి తెలుగు కాదు, తెలుగు ఆకారాలు తొడుక్కున్న ఇంగ్లీషు గుర్తులు. అందుకే ఆ వాక్యాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే అర్థం కాని గుర్తులు వస్తాయి. తెలుగుకు యూనికోడ్‌లో (ప్రతి లిపిలోని అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే ప్రమాణం) 1991 నుండే చోటు ఉంది. పాతవాటిని వర్చువల్ మెషిన్‌లోనే ఉంచి, కొత్త పత్రికలనైనా మండలి, రామభద్ర వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లతో స్క్రైబస్ 1.6 అనే పేజీ కూర్పు సాఫ్ట్‌వేరులో కూర్చడం మొదలుపెడితే, తరువాతి యంత్రానికి మారేటప్పుడు లాక్‌తో పని ఉండదు.

తిలక్ రోడ్డు గ్రాఫిక్స్:

యూనికోడ్ మాట నిజమే గాని, పెండ్లి పత్రికకు కావలసిన వంపుల అక్షరాలు అను ఫాంట్లలో ఉన్నన్ని ఉచిత ఫాంట్లలో నాకు ఇంకా దొరకలేదు. ప్రశ్నపత్రాలకు, కరపత్రాలకు మారాను. పత్రికలకు మారలేదు.

గిరింపేట డీటీపీ:

మూడు వారాల తరువాత రాస్తున్నాను. సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ తీసుకున్నాను, బడ్జెటు దాటలేదు. ఎక్స్‌పీ మొదటి రోజే ఎక్కింది. లాక్ మాత్రం రెండు రోజులు ఏడిపించింది. ముందువైపు పోర్టులో పెడితే మధ్యమధ్యలో తెగిపోయేది, వెనుకవైపు పోర్టుకు మార్చాక మళ్ళీ ఆ బాధ లేదు. తాబేలు బొమ్మ కూడా కనిపించింది, మెమరీ ఇంటెగ్రిటీ ఆపగానే వెళ్ళిపోయింది. తమిళం వైపు వేరే ఫాంట్లు కాబట్టి భయపడ్డాను గాని, ఫోల్డరును ఉన్నదున్నట్టు కాపీ చేయడంతో అవి కూడా సరిగ్గానే వచ్చాయి. నిన్న మొదటి పెండ్లి పత్రిక ఈ యంత్రం మీదనే కూర్చి, పీడీఎఫ్ ప్రెస్సుకు పంపాను. బడి ప్రశ్నపత్రం ఒకటి స్క్రైబస్‌లో ప్రయత్నిస్తున్నాను. అందులో తెలుగు, లెక్కల గుర్తులు పక్కపక్కన వచ్చేచోట వరుసల మధ్య ఎడం సమంగా కుదరడం లేదు. దాని గురించి వేరే ప్రశ్నగా అడుగుతాను.