గాలిమర మోడల్‌లో ఎల్‌ఈడీ వెలగట్లేదు, ఏ మోటార్ వాడాలి?

తూత్తుకుడిలో మత్స్యకార కుటుంబాలు వచ్చే ఒక సామాజిక అభ్యాస కేంద్రంలో సముద్రపు గాలిమరల గురించి చెబుతున్నాను. గుజరాత్, తమిళనాడు తీరాల్లో చెరో 500 మెగావాట్లకు 2024 జూన్‌లో కేంద్ర క్యాబినెట్ ఆర్థిక సాయం ఆమోదించింది కదా, వల వేసే చోటు పోతుందేమోనని వీళ్ల భయం. అది న్యాయమైన భయమే. దాని గురించి మాట్లాడే ముందు, గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిది రెట్లవుతుందని, అందుకే సముద్రం మీదికి వెళ్తున్నారని కళ్లకు కట్టాలి.

ఇసుక బకెట్‌లో పీవీసీ పైపు, పైన 3 వోల్టుల బొమ్మకారు మోటార్, దాని ఇరుసుకే 15 సెంటీమీటర్ల రెక్కలు మూడు. టేబుల్ ఫ్యాన్ అర మీటరు దూరంలో ఫుల్ స్పీడ్‌లో పెడితే రెక్కలు బాగానే తిరుగుతున్నాయి, కానీ మల్టీమీటర్ 0.4 వోల్టులు దాటదు. ఎర్ర ఎల్‌ఈడీకి దాదాపు 1.8 కావాలి.

రెక్కల వాలు మార్చాను, ఆరు రెక్కలు పెట్టాను, ఎల్‌ఈడీ కాళ్లు తిప్పి చూశాను, అదే రకం కొత్త మోటారూ వేశాను. తేడా లేదు. సముద్రంలో పెట్టే చాలా టర్బైన్లకు గేర్‌బాక్స్ ఉండదు కాబట్టి గేర్లు వద్దనుకుంటున్నా.

గేర్ లేకుండా, టేబుల్ ఫ్యాన్ గాలికే 2 వోల్టులు ఇచ్చే చిన్న మోటార్ ఏది?