ఉబ్బని కెపాసిటర్లు: అన్నీ పీకేయల్లా, ఒక్కటే పట్టుకోవల్లా?

అనంతపురం బెంచి:
టీవీ పవర్ బోర్డు టిక్ టిక్ అంటాంది, స్టాండ్‌బై లైటు వెలిగి ఆరుతాంది. పవర్‌ను నడిపే కంట్రోల్ చిప్పు 3842. ఒక్క కెపాసిటరూ ఉబ్బలేదు, మల్టీమీటరులో మైక్రోఫారడ్లు సరిగ్గానే ఉండాయి. మన ఎండలకు లోపల ఎండిపోయింటాయి, ఎలక్ట్రోలిటిక్‌లన్నీ (లోపల ద్రవముండే కెపాసిటర్లు) ఒకేసారి మార్చేయడమే మేలంటాను.

కర్నూలు ఎస్‌ఎంపీఎస్:
అన్నీ యాలన్నా? 3842 దాదాపు 16 వోల్టులకు లేస్తాది, 10కి దిగితే పడుకుంటాది. ట్రాన్స్‌ఫార్మర్ ఆక్జిలరీ చుట్టు (చిప్పుకు కరెంటిచ్చే చిన్న చుట్టు) అందుకునేదాకా చిప్పును మోసేది వీసీసీ కాలి (చిప్పుకు కరెంటు అందే కాలు) దగ్గరుండే చిన్న కెపాసిటరే, 22 లేదా 47 మైక్రో, 50 వోల్టులు. అది ఎండితే లేస్తాది, పడతాది, మళ్లా లేస్తాది. అంత చిన్నదానికి చాలాసార్లు నెత్తిన ఉబ్బి చీలేందుకుండే గీతలే ఉండవు, ఇంక ఉబ్బేదెక్కడ? మల్టీమీటరు తక్కువ ఫ్రీక్వెన్సీలో కొలుస్తాది కాబట్టి పెరిగిన ఈఎస్సార్ (కెపాసిటర్ లోపలి రెసిస్టెన్సు) దానికి కనపడదు. 100 కిలోహెర్ట్జ్ ఈఎస్సార్ మీటరు పెట్టు. అది లేకుంటే కరెంటు తీసి, హెయిర్ డ్రయ్యరుతో ఆ ఒక్కదాన్నే వెచ్చజేసి ఆన్ చెయ్. లేచిందంటే దొంగ దొరికినట్టే.

కడప సోల్డర్:
ఈఎస్సార్ మీటరునూ గుడ్డిగా నమ్మొద్దబ్బా. షార్టయిన కెపాసిటర్ అందులో సున్నా చూపిస్తాది, చూసేవాళ్లకు భలే మంచిదనిపిస్తాది. ఔట్‌పుట్‌లో రెండు 1000 మైక్రోలు పక్కపక్కన ఉంటే మంచిది చెడ్డదాన్ని దాచేస్తాది. సోల్డర్ కరిగించి ఒక కాలు లేపి కొలవల్ల. ఇంకోటి, టిక్ టిక్ సెకండరీ (ట్రాన్స్‌ఫార్మర్ ఔట్‌పుట్ వైపు) షార్టుకూ వస్తాది. ఔట్‌పుట్‌కూ గ్రౌండుకూ షార్టుంటే అక్కడ డీసీ చేసే షాట్‌కీ డయోడు కాలు లేపి చూడు, షార్టు పోతే డయోడే.

మెయిన్ కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా ఉంటాది, ఆడని బోర్డులో తొందరగా దిగదు. 2.2 కిలో ఓమ్‌లు, 10 వాట్ల రెసిస్టరుతో దించి, మీటరుతో చూసినాకే చెయ్యి పెట్టు. స్క్రూడ్రైవరుతో మాత్రం వద్దు సామీ.

అనంతపురం బెంచి:
సరే, వీసీసీది కొలవకుండానే మారుస్తా. కానీ పాత బోర్డయితే సెకండరీవి కూడా మార్చాల్సిందే. నెలకే కస్టమరు తిరిగొస్తే ఎవరు జవాబు చెప్పల్ల?

కర్నూలు ఎస్‌ఎంపీఎస్:
మార్చు, కాదనను. ముందు వీసీసీది వేసి ఆన్ చేసి చూడు, ఆ తర్వాతే మిగతావి. అన్నీ ఒక్కసారే మారిస్తే, అప్పటికీ టిక్ టిక్ ఆగకపోతే పాత తప్పో, నువ్వు తిరగేసి పెట్టిన కొత్తదో తెలీదు. 105 డిగ్రీల లో-ఈఎస్సార్‌వే తీసుకో. ధర చూసి 85 డిగ్రీలవి వేస్తే హీట్‌సింక్ పక్కన మళ్లా ఎండుతాయి.