ఎం1 మీద 98 మైళ్ల వేగం: కోర్టు కాగితం వచ్చింది, ఏం చేయాలి?

అన్నలూ, అక్కలూ, వరంగల్ నుంచి ఇంగ్లండ్ వచ్చి రెండేళ్లు కాలేదు. ఇక్కడి డ్రైవింగ్ టెస్ట్ పాసై 14 నెలలు. మూడు నెలల కిందట రాత్రిపూట ఎం1 మోటార్‌వే మీద గంటకి 98 మైళ్లతో కెమెరాకి దొరికాను. నడిపింది నేనేనని అప్పుడే రాసి పంపాను. ఇప్పుడు కోర్టు కాగితం వచ్చింది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

---

తమ్ముడూ, ముందు ఆ కాగితం మీద తేదీ చూడు. 21 రోజుల్లో జవాబివ్వాలి. పక్కన పెట్టావో, నువ్వు లేకుండానే తీర్పు అయిపోతుంది.

మోటార్‌వే మీద పరిమితి 70. 96 నుంచి మామూలుగా కోర్టుకే పంపుతారు, 100 పౌండ్ల జరిమానా, లైసెన్స్ మీద 3 శిక్ష పాయింట్లతో తేలదు. 91 నుంచి 100 మధ్య దొరికితే 4 నుంచి 6 పాయింట్లు, లేదంటే 7 నుంచి 28 రోజులు డ్రైవింగ్ నిషేధం. జరిమానా దాదాపు ఒక వారం ఆదాయమంత. పన్ను పోగా వారానికి 600 పౌండ్లు చేతికొస్తే 600 అనుకో. మొదట్లోనే తప్పు ఒప్పుకుంటే మూడో వంతు తగ్గి 400. దాని మీద సర్‌చార్జి 40 శాతం, అంటే 160. ప్రాసిక్యూషన్ ఖర్చులు వేరే.

డబ్బు ఎలాగో సర్దుకుంటావు. నా భయమంతా ఆ 6 పాయింట్ల గురించే. టెస్ట్ పాసైన రెండేళ్లలోపు 6 వస్తే లైసెన్స్ రద్దు. మళ్లీ ప్రొవిజనల్ (నేర్చుకునేవాళ్ల లైసెన్స్), థియరీ, ప్రాక్టికల్ టెస్టులు. మన దగ్గర పదేళ్లు నడిపినా ఆ లెక్క ఇక్కడ చెల్లదు. అదే 56 రోజుల లోపు నిషేధమైతే గడువు తీరాక అదే లైసెన్స్‌తో నడపొచ్చు. అందుకే ఫారం పంపేలోపు ట్రాఫిక్ కేసులు చూసే సొలిసిటర్‌తో ఒక్కసారి మాట్లాడు. నిషేధం వేసే ఆలోచన ఉంటే కోర్టు నిన్ను పిలుస్తుంది. తప్పకుండా వెళ్లు.

నడిపింది నువ్వేనని టైముకి రాసి మంచి పని చేశావు. నేను ఇల్లు మారినప్పుడు కారు రిజిస్ట్రేషన్ కాగితం, అదే లాగ్‌బుక్‌లో అడ్రస్ మార్చలేదు. నోటీసు పాత ఇంటికి పోయింది. నేను వెళ్లింది 80, స్పీడ్ అవగాహన కోర్సుకి వెళ్తే పోయే కేసు. జవాబు రాలేదని, డ్రైవర్ పేరు చెప్పనందుకు 6 పాయింట్లు వేశారు. తెలిసిన 21 రోజుల్లోపు కోర్టులో ప్రమాణపూర్వకంగా డిక్లరేషన్ ఇచ్చి కేసు తిరిగి తెరిపించుకున్నాను. ఆ మూడు వారాలు ఎలా గడిచాయో నాకే తెలుసు.

---

ఇన్సూరెన్స్ సంగతి నేను చెప్తాను. మోటార్‌వే స్పీడింగ్ కోడ్ ఎస్‌పీ50. లైసెన్స్ రికార్డులో నాలుగేళ్లు ఉంటుంది, కానీ చాలా కంపెనీలు అయిదేళ్ల వెనక్కి అడుగుతాయి. అడిగినచోట ఉన్నదున్నట్టు రాయి బాబూ. లైసెన్స్ నంబర్‌తో వాళ్లు చూసుకోగలరు. కావాలని దాచావని తేలితే పాలసీ చెల్లదంటారు, యాక్సిడెంట్ అయితే క్లెయిమ్ ఇవ్వరు. ఆ తర్వాత ఏ కంపెనీకి వెళ్లినా పాలసీ రద్దయిందా అని అడుగుతారు, అది ఇంకా ఖరీదు. మధ్యలో చెప్పాలా, రెన్యువల్‌కి చెప్పాలా అన్నది నీ పాలసీ కాగితంలోనే ఉంటుంది. నిషేధం పడితే ప్రీమియం బాగా పెరుగుతుంది, అది కూడా సొలిసిటర్‌తో మాట్లాడేటప్పుడు లెక్కలో పెట్టుకో.

రేపు ఐఎల్‌ఆర్‌కి, అదే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి, వేసేటప్పుడు కూడా కోర్టు జరిమానా రాయాలి. తీర్పు కాగితం దాచి ఉంచు.

నీ కాగితం మీద తేదీ ఎంత? చెప్పు, ఈ శనివారం కూర్చుని ఫారం కలిసి నింపుదాం.