తమ్ముడు తన పాపకు తొమ్మిదో నెల తట్టు సూది వద్దంటున్నాడు. కరోనాను మందకు వదిలేసుంటే సరిపోయేదా?

కళ్యాణదుర్గం_జెరాక్స్:

మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. టౌన్లో జెరాక్స్ షాపు నడుపుతా. ఇంట్లో రెండేళ్ళుగా ఒకటే గొడవ. ఇప్పుడది చంటిబిడ్డ మీదికి వచ్చింది కాబట్టి అడుగుతున్నా.

మా చిన్నాయన 2023 ఫిబ్రవరిలో బోరు మోటారు దగ్గర కూలబడి పోయినాడు. 47 ఏళ్ళు. 2021 ఏప్రిల్లో కోవిషీల్డ్ మొదటి డోసు, మేలో కరోనా వచ్చి తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద, ఆగస్టు ఆఖర్లో రెండో డోసు. తమ్ముడు రెండు డోసుల సంగతే చెప్తాడు, నడుమ తొమ్మిది రోజులు ఎత్తడు. రక్తం గడ్డలు కట్టే ప్రమాదం బహు అరుదుగా ఉంటుందని కోవిషీల్డ్ మూల కంపెనీ ఆస్ట్రాజెనెకా కోర్టులో ఒప్పుకున్నట్టు 2024లో వార్త వచ్చింది కదా, ఆ స్క్రీన్‌షాట్ ఫోన్లో దాచిపెట్టుకుని ఇంటికి ఎవరొచ్చినా చూపిస్తాడు. పాలవాడికి కూడా.

ఇప్పుడు కొత్తగా గ్రేట్ బారింగ్టన్ ప్రకటన పట్టుకున్నాడు. కరోనా మీద 2020లో ముగ్గురు ప్రొఫెసర్లు రాసిన కాగితం అది, జై భట్టాచార్య వాళ్ళలో ఒకడు. "వయసోళ్ళను తిరగనిచ్చి ముసలోళ్ళను కాపాడండి, హెర్డ్ ఇమ్యూనిటీ, అంటే మంద మొత్తానికి పట్టు, అదే వస్తుందని జై భట్టాచార్య చెప్తే అందరూ మీద పడినారు. ఈరోజు అమెరికాలో ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ డైరెక్టర్ ఆయనే. అంటే ఎవరిది నిజమన్నా?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. ఆ ఊపులోనే పాపకు తట్టు సూది వద్దన్నాడు. ఆశా అక్క రెండుసార్లు వచ్చి తిరిగి పోయింది. మరదలు నాతో ఏమీ అనదు, మా అమ్మ దగ్గర ఏడ్చిందంట.

మందకు వదిలేసుంటే సరిపోయేదా? చిన్నాయన పోయింది సూది వల్లేనా? తిట్టుకోకుండా చెప్పండి, ఇది తమ్ముడికి చూపిస్తా.

ప్రొద్దుటూరు_గుమాస్తా:

అన్నా, మీ తమ్ముణ్ణి పిచ్చోడి కింద జమ కట్టొద్దు. 2020 మార్చి 24 రాత్రి ఎనిమిదికి చెప్పి పన్నెండుకు మూసేసినారు. నేను బట్టలంగట్లో గుమాస్తాను. పెళ్ళిళ్ళ సీజన్ మొత్తం షట్టర్ దించి ఉండింది. జీతం లేదు, బాడుగ ఆగలేదు. మా పిల్లోడు బడి లేక ఎక్కాలు మర్చిపోయినాడు. 2020 అక్టోబరులో ఆ ముగ్గురు ప్రొఫెసర్లు బళ్ళు తెరవండి అన్నారు. ఆ మాట వరకు నేను ఇప్పటికీ వాళ్ళ పక్షమే.

కానీ వాళ్ళు టీకాలే వద్దని ఎప్పుడు చెప్పినారు? వాళ్ళలో కుల్‌డార్ఫ్ అనే ఆయన 2021 ఏప్రిల్లో జాన్సన్ అండ్ జాన్సన్ టీకా ఆపినప్పుడు, ముసలోళ్ళకు ఆపొద్దని వాదించి అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ కమిటీలో చోటు పోగొట్టుకున్నాడు. భట్టాచార్య 2025 మార్చిలో సెనేట్ ముందు కూర్చుని పిల్లలకు తట్టు టీకా వేయించాలనే చెప్పినాడు. ఆయన్ను నమ్మేవాడు ఈ మాట కూడా నమ్మాల గదా?

పత్తికొండ_గొర్రెలు:

నేను పశువుల ఆస్పత్రిలో పనిచేస్తా, మనుషుల డాక్టర్ని కాదు. అయితే హెర్డ్ అంటే మందే కాబట్టి కొంచెం చెప్తా.

చిటుకు రోగం తీసుకోండి. తొలకరికి లేతగడ్డి మొలుస్తుంది, బాగా మేసిన బలమైన పిల్ల సాయంత్రం గంతులేస్తుంది, పొద్దున దొడ్డిలో కాళ్ళు చాపి ఉంటుంది. అది ఒకదాని నుంచి ఒకదానికి అంటేది కాదు, కడుపులోనే పుట్టే విషం. మందలో తొంభై తొమ్మిదింటికి సూది వేసినా వందోదానికి రక్షణ లేదు. పీపీఆర్ అట్ల కాదు. మా వాళ్ళు పారుడు రోగం అంటారు. తట్టు వైరస్‌కు దగ్గరి చుట్టం అది. ముక్కు కారి, నోరు పుండై, పారుకుంటూ ఒకటి నుంచి ఒకటికి పాకుతుంది. ఒక్కసారి టీకా వేస్తే మూడేళ్ళకు తక్కువ కాకుండా పట్టు ఉంటుంది. అందుకే మందలో ఎక్కువ భాగానికి వేస్తే మిగిలినవి వాటి చాటున బతుకుతాయి.

కరోనాలో వచ్చిన చిక్కు ఏమంటే, ఒకసారి సోకినా ఆ పట్టు కొన్ని నెలలకు సడలుతుంది, వైరస్సూ వేషం మారుస్తుంది. 2020 ఆగస్టులో రక్తం తీసి చూస్తే మా కర్నూలు జిల్లాలో 28.1 శాతం మందికి అప్పటికే సోకింది. ఢిల్లీలో 2021 జనవరికి 56 శాతం. అదే జనవరిలో భట్టాచార్య ఇంకొకాయనతో కలిసి వార్తల వెబ్‌సైట్ ద ప్రింట్‌లో రాసినాడు, భారతీయుల్లో ఎక్కువమందికి సహజంగానే శక్తి వచ్చేసింది, అందరికీ టీకా వేస్తే చేటు అని. ఏప్రిల్లో ఢిల్లీ ఆస్పత్రుల ముందు ఏం జరిగిందో టీవీలో చూసినాం. పదవి వచ్చినంత మాత్రాన ఆ జనవరి మాట నిజమైపోదు.

ఇంకొకటి. ముసలి గొర్రెల్ని వేరే దొడ్డిలో కట్టొచ్చు. రెండు గదుల ఇంట్లో మా అవ్వను యాడ కట్టేది?

రిటైర్డ్_ఏఎన్ఎం_కర్నూలు:

నాయనా, చిన్నాయన గురించి. కోవిషీల్డ్‌తో గడ్డలు కట్టేది నిజమే, దాచాల్సిన పని లేదు. ఆ జబ్బు చాలావరకు సూది వేసిన నాలుగో రోజు నుంచి ఆరు వారాల లోపలే బయటపడుతుంది. మీరు చెప్పేది ఏడాదిన్నర తర్వాత. 2021 మేలో కేంద్రం కమిటీ పది లక్షల డోసులకు 0.61 కేసులని లెక్క చెప్పింది, బ్రిటన్లో అంతకన్నా బాగా ఎక్కువ తేలింది. మన లెక్క మీద నాకూ అనుమానమే. రోజుకు రెండు వందల సూదులు వేస్తూ జ్వరాలు, చెయ్యి వాపులు రాయకుండా వదిలేసిన రోజులు నాకే ఉన్నాయి.

కేంద్రం వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ వాళ్ళు 47 ఆస్పత్రుల్లో 18 నుంచి 45 ఏళ్ళ వాళ్ళ ఆకస్మిక మరణాలు చూసి 2023లో అచ్చు వేశారు. టీకా వల్ల ప్రమాదం పెరిగినట్టు కనబడలేదు. కరోనాతో ఆస్పత్రిలో పడుకుని వచ్చిన వాళ్ళకు పెరిగింది. మీ చిన్నాయనకు రెండేళ్ళు ఎక్కువ, అయినా ఆ తొమ్మిది రోజుల్ని నేనైతే మరువను. పోస్టుమార్టం లేకుండా ఆయన ఇందువల్లే పోయాడని మాత్రం నేనూ చెప్పలేను, మీ తమ్ముడూ చెప్పలేడు.

తట్టు సూది వేరే మందు, కోవిషీల్డ్‌తో సంబంధం లేదు. తొమ్మిది నెలలకు ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య ఇంకొకటి. ఆలస్యమైనా అయిదేళ్ళ లోపు వేస్తారు, భయపడొద్దు. తట్టుకు మాత్రం మంద చాటు దొరకాలంటే నూటికి 95 మందికి టీకా పడి ఉండాలి. మీ పల్లెలో ఇంకో నాలుగిళ్ళు మీ తమ్ముడిలాగే అనుకుంటే ఆ చాటు పోతుంది.

కళ్యాణదుర్గం_జెరాక్స్:

అందరికీ దండాలు. ఫోన్ తమ్ముడి చేతికిచ్చినా. ఏఎన్ఎం అమ్మ "నేనే రాయలేదు" అన్న దగ్గర ఆగి రెండుసార్లు చదివినాడు. "చూసినావా, నేను చెప్పలా" అన్నాడు. ఆ తర్వాత అవ్వను కట్టేసే మాటకు నవ్వినాడు. చిన్నాయన గురించి మాత్రం ఒప్పుకోలా.

బుధవారం మరదలు, మా అమ్మ పాపను తీసుకుని సబ్ సెంటర్‌కు పోయినారు. బండి తమ్ముడే నడిపినాడు. లోపలికి రాలేదంట, వేపచెట్టు కింద బండి మీదే కూర్చున్నాడంట. సూది పడినాక అరగంట ఉండమన్నారు, వాడు ఫోన్లో టైం చూసుకుంటూ ముప్పావుగంట ఉంచినాడు. రాత్రి పాపకు కొంచెం ఒళ్ళు కాలింది. గంటకోసారి లేచి చెయ్యి పెట్టి చూసింది కూడా వాడే.

పత్తికొండ అన్నా, మా నాయన దగ్గర నలభై గొర్రెలున్నాయి. చిటుకు టీకా వానలకు ఎన్నాళ్ళు ముందు వేయించాలి?