అప్‌డేట్: పాప ఆపరేషన్ అయింది

మా రెండేళ్ల పాపకు టెట్రాలజీ ఆఫ్ ఫాలో (పుట్టుకతో వచ్చే గుండె లోపం) ఉందని, ఊపిరితిత్తులకు వెళ్లే నాళాలు సన్నగా ఉన్నందుకు రిస్క్ ఎక్కువన్నారని, ఇప్పుడే చేయించాలా ఆగాలా అని అడిగాను కదా. చేయించేశాం. ముందు షంట్ (ఊపిరితిత్తులకు రక్తం ఎక్కువ వెళ్లేలా పెట్టే చిన్న గొట్టం) వేసి చూద్దామా అన్న మాట నడిచింది గానీ, సీటీ స్కాన్ చూశాక డాక్టర్లు ఒకేసారి పూర్తి రిపేర్‌కే మొగ్గారు. గుండెలో రంధ్రానికి ప్యాచ్ వేసి, ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే ఇరుకు దారిని వెడల్పు చేశారు. ఖర్చు ఆరోగ్యశ్రీలో పోయింది.

ఐసీయూలోకి పంపినప్పుడు ట్యూబుల వైపు చూడలేక గోళ్లు చూశాను. ఎప్పుడూ నేరేడుపండులా ఉండేవి, గులాబీ రంగుకొచ్చాయి! రక్తంలో ఆక్సిజన్ 75 శాతం దగ్గర ఉండేది, ఇప్పుడు 97.

ఏడ్చి నీలంగా మారితే మోకాళ్లు ఛాతీకి మడిచి పట్టుకోమన్నవాళ్లకు దండం. ఆపరేషన్ దాకా అదే ఆదుకుంది.

ఎదురురొమ్ము ఎముక అతుక్కునేదాకా చంకల్లో చేతులు పెట్టి ఎత్తకూడదట. మా అత్తయ్యకు ఇది ఎక్కించేసరికి తాతలు దిగొచ్చారు. గుండె కవాటం కాస్త లీకవుతోంది, ఎకోలు (గుండె స్కాన్‌లు) తీయిస్తూ ఉండాలన్నారు. నిద్రలో ఉలిక్కిపడి లేస్తోంది, మీ పిల్లలకూ అలాగే ఉండేదా? ఎన్నాళ్లకు తగ్గింది?